మొక్కులో లేని వక్క

ఏఎన్‌ఎం ఉద్యోగంలో కొత్తగా చేరే ఆడపిల్లల కోసం ఇది రాస్తున్నాను. నేను ఎక్కడెక్కడ పనిచేశాను, ఎప్పుడు బదిలీ అయ్యాను, పైవాళ్లు నా గురించి ఏమనుకున్నారు అనేవి ఇందులో ఉండవు. వాటితో మీకు పని లేదు. కాన్పులు, టీకాలు, మాత్రల గురించి శిక్షణలో చెబుతారు. నేను చెప్పాలనుకున్నది నోటి గురించి. పుట్టిన బిడ్డ ఏడుపు వినడానికి తప్ప మనుషుల నోటితో మనకేం పని అని నేనూ చాలా ఏళ్లు అనుకున్నాను.

నా చదువు గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. నేను బడిలో కూర్చుని చదివినదాన్ని కాను. మా ఊరికి బడి దూరం, ఆడపిల్లను అంత దూరం పంపడం నాయినకు ఇష్టం లేదు. అమ్మ పొయ్యి దగ్గర పక్కన కూర్చోబెట్టుకుని స్తోత్రాల పుస్తకంలో అక్షరాల మీద వేలు పెట్టించి చదవడం నేర్పింది. తర్వాత నాయినే మనసు మార్చుకుని నాతో పదో తరగతి ప్రైవేటుగా రాయించాడు. అందుకేనేమో, ఎవరైనా పక్కన కూర్చోబెట్టుకుని ఏదైనా ఓపికగా నేర్పితే నాకు ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి. ఈ ఉద్యోగంలో అట్లా నేర్పినవాళ్లు నాకు దొరికారు. దేవుడికి అందుకు రోజూ దండం పెట్టుకుంటాను.

పానీపూరి పెద్దదైందన్న పిల్ల

తెలంగాణ రాష్ట్రం వచ్చిన తర్వాత కొన్నాళ్లు చౌటుప్పల్ దగ్గర పనిచేశాను. మందుల కంపెనీల్లో పనిచేసే ఆడపిల్లలు షిఫ్టు దిగి నేరుగా మా దవాఖానకు వచ్చేవాళ్లు. స్వప్న అనే అమ్మాయి నీరసంగా ఉందని రక్తం మాత్రల కోసం వచ్చింది. వెంట స్నేహితురాలిని తెచ్చుకుంది. సరిగ్గా తింటున్నావా అని అడిగితే స్వప్న నవ్వింది.

"ఏం తినబుద్ది అయితలేదు మేడం. ఆఖరికి పానీపూరి అన్న గూడ పూరీలు పెద్దగ చేస్తాండు. నోట్లె పడ్తలేవు."

"పూరీ గంతే ఉన్నది మేడం. దీని నోరే చిన్నగైంది. మాట్లాడి మాట్లాడి అరిగిపోయినట్టుంది," అంది స్నేహితురాలు.

ముగ్గురం నవ్వుకున్నాం. మాత్రలు చేతిలో పెట్టి పంపించేదాన్నే. వారానికోసారి వచ్చే పళ్ల డాక్టరమ్మ ఆ రోజే రావడం నా అదృష్టం. పక్క గదిలోంచి మా మాటలు విన్న ఆమె మాత్రం నవ్వలేదు. లేచి వచ్చి స్వప్నను కుర్చీలో కూర్చోబెట్టి నోరు తెరవమంది. మూడు వేళ్లు నిలువుగా పట్టాల్సిన చోట రెండే పట్టాయి.

"ఏం నములుతావమ్మా?"

"ఏం నమల మేడం. గుట్కా గిట్ల అస్సలు ముట్ట. వక్కపొడి ప్యాకెట్లు, గంతే. రాత్రి డ్యూటీల నిద్ర రాకుండ."

డాక్టరమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. నాకంటే వయసులో చాలా చిన్నది. టార్చి నా చేతికిచ్చి, స్వప్న బుగ్గ లోపలి భాగం చూపించింది. ఎర్రగా, తడిగా, మెత్తగా ఉండాల్సిన చోట తెల్లగా పాలిపోయి ఉంది. గ్లవ్స్ వేసుకుని వేలితో తడిమితే చర్మం కింద తాళ్లు బిగించినట్టు గట్టిగా తగిలింది. నాలుక బయటికి చాపమంది, రాలేదు. బుగ్గలు పూరించమంది, గాలి నిలవలేదు. ఈల వేయమంది, స్వప్న సిగ్గుపడుతూ ప్రయత్నించింది. ఊపిరి మాత్రమే వచ్చింది.

"తంబాకు లేకపోయినా వక్క ఒక్కటే చాలమ్మా దీనికి," అంది డాక్టరమ్మ నాతో. "నోరు లోపల బిగుసుకుపోతుంది. ముందు కారం తగిలితే మంట. తర్వాత నోరు తెరుచుకోదు. ఇది క్యాన్సర్ కాదు. కానీ ఈ నోట్లో క్యాన్సర్ పుట్టడం తేలిక."

తెల్లవారితే పూజలో తమలపాకు మీద వక్క పెట్టి దీపం వెలిగించే ఇల్లు మాది. పెళ్లికి పిలిస్తే వక్క, పెద్దవాళ్ల కాళ్లు మొక్కితే చేతిలో వక్క. తంబాకు చెడ్డదని అందరికీ తెలుసు. వక్కను అనుమానించాలని నాకు అంతకుముందు ఎప్పుడూ తోచలేదు.

స్వప్న వక్కపొడి మానేసింది. నోరు పూర్తిగా మామూలుగా కాలేదు, ఇంకా బిగుసుకోకుండా ఆగింది. ఆ డాక్టరమ్మ మాత్రం ఆ తర్వాత వచ్చిన ప్రతివారం నన్ను పక్కన నిలబెట్టుకుని నోళ్లు చూపించింది. నా కూతురి వయసు మనిషి దగ్గర శిష్యరికం చేసినందుకు నాకు ఏ చిన్నతనమూ అనిపించలేదు. మీకూ అనిపించకూడదు.

చప్పట్లు కొట్టిన క్యాంపు

తర్వాత నన్ను తిరుమలగిరి వైపు వేశారు. అక్కడ నా కింద ఉన్న ఊళ్లలో ఒకదాంట్లో సగం ఇళ్లు గొర్రెల కాపరులవి. సర్కారు సబ్సిడీ మీద గొర్రెల యూనిట్లు ఇచ్చిన రోజుల్లో, పట్నం పోయి పనులు చేసుకుంటున్న మగపిల్లలు కొందరు తిరిగొచ్చి మళ్లీ మందలు పట్టారు. ఎండలో రోజంతా నడవాలి, నీళ్లు దొరకవు, ఆకలి వేళకు అన్నం అందదు. అందుకని ఏదో ఒకటి బుగ్గన పెట్టుకుంటారు.

బీపీ, షుగర్, నోటి క్యాన్సర్ కోసం ఆ ఊళ్లో క్యాంపు పెట్టాం. నేను బీపీ బల్ల దగ్గర ఉన్నాను. నోళ్లు చూసే బల్ల దగ్గర మా మెడికల్ ఆఫీసరు కూర్చున్నాడు. మంచివాడే, పేదవాళ్ల మీద విసుక్కునేవాడు కాదు. కానీ వరస పెద్దది, పొద్దు తక్కువ. ముందు ఒక ప్రశ్న వేసి, అవునన్నవాళ్ల నోళ్లే టార్చితో చూస్తున్నాడు.

"తంబాకు, గుట్కా, బీడీ?"

బీరయ్య అనే కాపరి వంతు వచ్చింది. ముప్పై దాటినవాడు, ఎత్తుగా, భుజాన గొంగడితో ఉన్నాడు. చేతులు కట్టుకుని నిలబడి చెప్పాడు: "ముట్ట సార్. నా బిడ్డకు జెరమొచ్చి ఫిట్స్ లేస్తె, తంబాకు ఇడుస్త అని మల్లన్నకు మొక్కిన. బిడ్డ బతికింది. గప్పటిసంది నేను మొక్కు తప్పలె."

డాక్టరుగారి కళ్లలో నిజంగానే మెచ్చుకోలు కనిపించింది. వరసలో ఉన్నవాళ్ల వైపు తిరిగి, "విన్నారా? ఈయనను చూసి నేర్చుకోండి," అని చప్పట్లు కొట్టించాడు. బీరయ్య సిగ్గుపడుతూ పక్కకు తప్పుకున్నాడు. ఆయన నోరు ఎవరూ చూడలేదు.

నిష్ఠూరంగా ఉన్నా చెబుతాను. బీరయ్య అబద్ధం చెప్పలేదు, డాక్టరు అశ్రద్ధ చేయలేదు. ప్రశ్నే తప్పు. "ఇది ముడతావా, అది ముడతావా" అని అడిగితే మనిషి వాటికే జవాబు చెబుతాడు. "పొద్దున లేచినప్పటి నుంచి నోట్లో ఏమేం వేసుకున్నావు?" అని అడగండి. అడిగినా అడగకపోయినా నోరు చూడండి.

కూరలో కారం

చలి తగ్గుతున్న రోజుల్లో బీరయ్య భార్య యాదమ్మ చేతికి ముల్లు గుచ్చుకుని చీము పట్టి నా దగ్గరికి వచ్చింది. వెంట అత్త మల్లమ్మ. నేను చెయ్యి కడిగి కట్టు కడుతుంటే వాళ్లిద్దరూ ఇంటి దగ్గర మొదలుపెట్టిన గొడవను నా ముందు కొనసాగించారు.

"నా కోడలికి గా చెయ్యి గట్లనే ఉంచు నర్సమ్మా," అంది మల్లమ్మ. "గా చేతితోని కూర్ల గంత కారం పోస్తది. నా కొడుకు బుక్క నోట్లె పెట్టుకుంటె కండ్లకు నీళ్లొస్తానయ్."

"ఏడ పోసిన అత్తా! కారం ఏసుడే బందువెట్టిన. నువ్వే గదా సప్పటి కూర తినలేక ఎల్లిపాయ కారం కలుపుకుంటానవ్. నేను కారం ఏస్తె కొడుకు నోరు మండుతది, ఎయ్యకుంటె అత్త నోరు మండుతది. నేనేం జెయ్యాలె నర్సమ్మా?"

"మరి వానికెందుకు మండుతాంది?"

"నన్నడుగుతవేంది? ఈల గూడ ఏస్తలేడు. మంద ఎటో పోతాంటె గొంతు సించుకొని పిలుస్తాండు. ఏమయ్యా, ఈల ఎయ్యరాదా అంటె నా మీద ఎగురుతాండు."

చౌటుప్పల్‌లో ఈల వేయలేకపోయిన స్వప్న గుర్తొచ్చింది. బీరయ్య ఏం నములుతాడని అడిగాను.

"ఏం నమలడు నర్సమ్మా, మొక్కున్నది గదా," అన్నారు అత్తాకోడళ్లు ఒక్కసారే. ఆ పూటకు వాళ్లు కలిసింది ఆ మాట దగ్గరే.

"వక్క?"

"వక్కనా? వక్క ఏస్తడు. తంబాకు ఇడిసిన కాడినుంచి గదే ఆధారం. అంగి కీస నిండ ప్యాకెట్లే," అంది యాదమ్మ. "అయినా వక్క ఏం జేస్తది?"

మంద దగ్గర

మర్నాడు ఊరి బయట గుట్ట కింద మంద ఉందని తెలిసి వెళ్లాను. బీరయ్య ఒక గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని దాని గిట్టలో దిగిన ముల్లు తీస్తున్నాడు. నన్ను చూసి లేచాడు.

"ఏంది నర్సమ్మా, ఇంత దూరం? యాదమ్మ చెయ్యి ఏమన్న ఎక్కువైందా?"

"యాదమ్మ చెయ్యి బాగుంది. నీ నోరు చూడ్డానికి వచ్చిన."

నవ్వాడు. ఆ నవ్వు కూడా సగమే తెరుచుకుంది. రాయి మీద కూర్చోబెట్టి నోరు తెరవమన్నాను. రెండు వేళ్లు కూడా సరిగ్గా పట్టలేదు. లోపల పాలరాయిలా తెల్లబడి ఉంది. ఎడమ బుగ్గ లోపల, దవడ పళ్లకు ఎదురుగా, తెలుపూ ఎరుపూ కలిసిన మచ్చ ఒకటి కనిపించింది. దూదితో తుడిచినా పోలేదు. దాని అంచు వేలికి గట్టిగా తగిలింది. చెయ్యి బయటికి తీసేలోపల మనసులో స్వామివారిని తలుచుకున్నాను.

"ఇది ఎన్నాళ్ల నుంచి?"

"పన్ను కొరికింది కావొచ్చు. తగ్గుతది."

"బీరయ్యా, వక్క ఈ రోజు నుంచి బంద్. రేపు నాతో పళ్ల డాక్టరమ్మ దగ్గరికి రావాలె."

ఎందుకో ఆయన వాదించలేదు. మర్నాడు గడ్డం గీయించుకుని తెల్ల అంగీ వేసుకుని వచ్చాడు. చౌటుప్పల్‌లో నాకు నేర్పిన డాక్టరమ్మే అప్పుడు జిల్లా దవాఖానలో ఉంది. ఆమె చాలాసేపు చూసింది. ఆ మచ్చలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలని చెప్పింది. క్యాన్సర్ అవునో కాదో అది చూస్తేనే తెలుస్తుందని, ఆలస్యం చేస్తే మాత్రం ప్రమాదమని ఏదీ దాచకుండా చెప్పింది.

క్యాన్సర్ అన్న మాట వినగానే బీరయ్య కుర్చీలోంచి లేచాడు. "మా ఊర్ల ఒకాయనకు గిట్లనే ముక్క తీసిండ్రు. తీసినంక పుండు పాకి సచ్చిపోయిండు," అన్నాడు. ముక్క తీయడం వల్ల పాకదని, ఆయన అప్పటికే ఆలస్యంగా వచ్చి ఉంటాడని డాక్టరమ్మ నచ్చజెప్పబోయింది. బీరయ్య బయటికి నడిచాడు.

ఆయన అడిగిన ప్రశ్న

బస్టాండులో బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం. కోపం తగ్గాక ఆయనే మొదలుపెట్టాడు.

"నర్సమ్మా, నువ్వు బొట్టు వెట్టుకొని దేవున్ని మొక్కేదానివి. నీకు చెప్తె సమజైతది. నేను మొక్కు తప్పలె. ఒక్కనాడు తప్పలె. పెండ్లిళ్లల్ల, సావులల్ల దోస్తులు బీడీ నోట్లె వెట్టి గుంజిన్రు, అయినా ముట్టలె. గసుంటోనికి మల్లన్న క్యాన్సర్ ఇస్తడా? ఇప్పుడు నేను ముక్క తీపిచ్చుకుంటె ఏందది? దేవుని మీద నాకు నమ్మకం లేనట్టే గదా?"

"దేవుడు ఇచ్చిండని ఎవరన్నరు? వక్కతో వచ్చింది."

"వక్క దేవుని ముందట పెడ్తం. దేవుని ముందట పెట్టింది రోగమెట్ల తెస్తది?"

జవాబు చెప్పలేకపోయాను. పిల్లలూ, ఇది మీకూ ఎదురవుతుంది. శిక్షణలో నేర్చుకున్న మాటలన్నీ ఇట్లాంటి ప్రశ్న ముందు చిన్నవైపోతాయి. అప్పుడు రెండు పనులు చేయకండి. నవ్వకండి. పాడైపోయిన నోళ్ల బొమ్మలు చూపించి భయపెట్టకండి. భయపడినవాడు మన దగ్గరికి రావడం మానేస్తాడు. ఆ మనిషి ఒక మాట మీద నిలబడి ఇన్నేళ్లు బతికాడు. ఆ మాటను మనం కూలదోస్తే ఆయనకు నిలబడడానికి ఏం మిగులుతుంది? నేను ఒక్కటే అన్నాను: "నీ మొక్కు గొప్పది బీరయ్యా. దాన్ని నేను తక్కువ చెయ్య. నువ్వు మళ్లా రావాలె, గంతే."

బీరయ్య రాలేదు. వరి కోతలు అయిపోయిన కృష్ణా నది వైపు పొలాల్లో మందలు పెట్టడానికి ఊరి కాపరులంతా బయలుదేరుతున్నారు. అక్కడికి పోతే మళ్లీ వానలు పడ్డాకే రాక. అన్ని నెలలు ఆ మచ్చ అట్లాగే ఆగుతుందని అనుకోవడానికి లేదు. బయలుదేరే ముందు పొద్దున నేను వాళ్ల ఇంటికి వెళ్లాను.

వాకిట్లో మూటలు కట్టి ఉన్నాయి. బీరయ్య గొంగడి మడతపెడుతున్నాడు. యాదమ్మ జొన్నరొట్టెలు బట్టలో చుడుతోంది. నన్ను చూసి ఆమె చేతిలో మూట కిందపెట్టింది.

"చెప్పు నర్సమ్మా, గట్టిగనే చెప్పు. నేను చెప్తె ఈయన ఇంటలేడు."

"ఏముంది చెప్పనీకి?" అన్నాడు బీరయ్య. "మల్లన్న సూసుకుంటడు."

యాదమ్మ ఆయన ముందుకు వచ్చి నిలబడింది. "మల్లన్న సూసుకుంటడా? మరి గొర్రెలను గూడ మల్లన్నే సూసుకుంటడు గదా! నువ్వెందుకయ్యా దినాం గిట్టలు సూస్తవ్? పుండయితె పురుగులు ఏరి మందెందుకు పెడ్తవ్? అంగట్ల గొర్రెను కొనేటప్పుడు దౌడ పట్టి నోరు తెరిచి పండ్లు సూస్తవా లేదా? నోరు తెర్వని గొర్రెను కొంటవా? నా మొగని నోరు మాత్రం ఎవలు సూడొద్దా? నేను కొన్నప్పుడు సూసుకోలె, గదే నా తప్పు!"

వాకిట్లో ఉన్న పక్కింటివాళ్లు నవ్వారు. బీరయ్య మొహం ఎర్రబడింది. "దేవుని మాట నడుమ గొర్రెల మాటేందే? వక్క దేవునిదా కాదా, అది చెప్పు ముందుగాల."

గడప మీద మల్లమ్మ కూర్చుని ఉంది. కోడలి మాటకు కొడుకు దొరికిపోయాడని తెలిసి గొంతు సవరించుకుంది.

"కొడుకా, దసరాకు కత్తికి గూడ పసుపు పూసి దేవుని ముందట పెడ్తం. కత్తి నోట్లె ఏసుకొని నములుతమారా?"

నాకు బస్టాండులో దొరకని జవాబు ఆ గడప మీద దొరికింది. బీరయ్య తల్లి వంక, నా వంక చూసి, మడతపెట్టిన గొంగడి మీద కూలబడ్డాడు. "మందను ఎవలు కొట్టుకపోవాలె?" అన్నాడు.

"నేను కొట్టుకపోత," అంది యాదమ్మ. "నువ్వు నర్సమ్మ ఎంబడి పో."

పట్నం

ముక్క పరీక్షలో క్యాన్సర్ అనే తేలింది. మొదట్లోనే ఉందని, ఆపరేషన్ చేస్తే బతుకుతాడని డాక్టరమ్మ చెప్పింది. హైదరాబాద్‌లోని పెద్ద దవాఖానకు నేనే వెంట వెళ్లాను. యాదమ్మ మందతో కృష్ణ దగ్గర ఉంది, మల్లమ్మ మనవరాలితో ఇంట్లో ఉంది. ఆపరేషన్‌కు తీసుకుపోయేముందు బీరయ్య నా చెయ్యి పట్టుకుని, "నర్సమ్మా, మల్లన్నకు కోపమొచ్చిందంటవా?" అని అడిగాడు. "కోపమొస్తే యాదమ్మను ఎందుకిస్తడు నీకు?" అన్నాను. ఆయన నవ్వబోయాడు. ఆయన పూర్తి బుగ్గతో నవ్వబోవడం అదే ఆఖరు.

బుగ్గలో కొంత భాగం, మెడలో గడ్డలు తీసేశారు. తొడ నుంచి చర్మం తెచ్చి కుట్టారు. ముక్కులోంచి గొట్టం వేసి అంబలి, పాలు పోశారు. యాదమ్మ మందను అక్కడివాళ్లకు అప్పగించి వచ్చి, మంచం పక్కన నిలబడి భర్త మొహం చూసింది. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. నేను ఆమె వీపు నిమిరి పక్కన కూర్చున్నాను. మన పనిలో కొన్నిసార్లు చేయగలిగింది అంతే. దాన్ని తక్కువ అనుకోకండి.

గొట్టం తీశాక అసలు కష్టం మొదలైంది. నోరు మళ్లీ బిగుసుకోకుండా రోజూ పళ్ల మధ్య ఐస్‌క్రీమ్ పుల్లలు ఒకదానిమీద ఒకటి పెట్టి నోరు తెరిపించాలి. నొప్పికి బీరయ్య పుల్లలు విసిరేసేవాడు. యాదమ్మ ఏరుకొచ్చి మళ్లీ పెట్టేది. వక్క మీద కోరిక అయితే నొప్పి కంటే మొండిది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన చెయ్యి దానంతట అదే అంగీ జేబులోకి పోయి, ఖాళీగా బయటికి వచ్చేది. ఇది నేను కళ్లారా చూశాను. వక్కకు మత్తు లేదనేవాళ్లను నమ్మకండి.

డాక్టరమ్మ ప్రతిసారీ ఒకే హెచ్చరిక చేసేది: "తీసింది మచ్చను. మిగతా నోరంతా అదే వక్క నమిలిన నోరు. మళ్లీ మొదలుపెడితే ఇంకోచోట వస్తుంది. రెండోసారి నేను ఇంత ధైర్యం చెప్పలేను."

క్యాంపు పెట్టిన మెడికల్ ఆఫీసరుకు నేను సంగతి చెప్పాను. తర్వాతి క్యాంపులో ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. వచ్చినవాళ్లందరి నోళ్లూ చూశాడు. చీకటి పడే వరకు కూర్చున్నాడు. అట్లాంటి అధికారి కింద పనిచేసినందుకు నేను కృతజ్ఞురాలిని. తప్పు తెలిసినా పద్ధతి మార్చుకోని అధికారులను కూడా చూశాను. వాళ్ల గురించి రాసి కాగితం పాడు చేయను.

మల్లమ్మ మాత్రం తన ఆకు, వక్క మానలేదు. "నేను పోయేదాన్నే" అనేది. నా మాటలు పనిచేయని చోట్లు కూడా ఉన్నాయని మీకు తెలియాలి కాబట్టి చెబుతున్నాను. ఇంటికి వెళ్లినప్పుడల్లా ఆమె నోరు చూసి వచ్చేదాన్ని.

మల్లన్న గుడి

నా రిటైర్మెంటుకు కొద్దిగా ముందు, బీరయ్య కోలుకున్నందుకు గుట్ట మీది మల్లన్న గుడిలో పూజ పెట్టుకుని నన్నూ పిలిచారు. చిన్న గుడి. ఊరి కులస్థులంతా వచ్చారు. పూజ చేసేది వేరే ఊరి నుంచి వచ్చిన, మల్లన్న కథలు పాడే ముసలి ఒగ్గు పూజారి. బీరయ్య సంగతి ఆయనకు సగమే తెలుసు.

పూజ ముగిసింది. పూజారి అందరి నుదుటన పసుపు బండారి పెట్టి, బీరయ్యను ముందుకు పిలిచి, దేవుడి దగ్గరి తమలపాకు, దాని మీద వక్క తీసి ఆయన అరచేతిలో పెట్టాడు.

"కండ్లకద్దుకొని నోట్లె ఏసుకో కొడుకా. మల్లన్న నిన్ను సల్లగ సూస్తడు."

యాదమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. డాక్టరమ్మ హెచ్చరిక మా ఇద్దరికే కాదు, ఆయనకూ గుర్తుంది. కానీ కులం మొత్తం చూస్తుండగా, దేవుడి ముందు, పెద్దమనిషి చేతి నుంచి వచ్చిన ప్రసాదాన్ని కాదనడం ఆ ఊళ్లో ఎవరూ చేయని పని. ఒక్కటి వేసుకుంటే ఏమవుతుందని లోకం అంటుంది. ఒక్కటితో ఆగదని, ఆ ఖాళీ జేబులోకి పోయే చెయ్యి చూసిన మాకు తెలుసు. నేను అడుగు ముందుకు వేయబోయి ఆగాను. అది ఆయన తేల్చుకోవాల్సింది.

బీరయ్య వక్కను కళ్లకు అద్దుకున్నాడు. చెయ్యి పెదవుల దాకా వచ్చి ఆగింది. వాసన తగిలిందేమో, గొంతు కదిలింది. తర్వాత వంగి, ఆకునూ వక్కనూ మల్లన్న పాదాల దగ్గర పెట్టాడు.

"దేవుడిచ్చింది ఎన్కకు ఇస్తరార?" పూజారి గొంతులో కోపం ఉంది.

ఆపరేషన్ తర్వాత బీరయ్య మాట ముద్దగా వస్తుంది. అందరికీ వినపడాలని మెల్లగా, ఒక్కొక్క మాట విడదీసి చెప్పాడు.

"ఎన్కకు ఇస్తలేను తాతా. తంబాకు నా బిడ్డ కోసం ఇడిసిన. ఇది నా కోసం ఇడుస్తాన. గిది గూడ మల్లన్నకే మొక్కు."

కుట్లతో గుంజుకుపోయిన బీరయ్య బుగ్గను పూజారి అప్పుడే సరిగ్గా చూసినట్టు చాలాసేపు చూశాడు. పళ్లెంలోంచి అరటిపండు తీసి, ఒలిచి, ఒక ముక్క తుంచి బీరయ్య నోటి దగ్గర పెట్టాడు. ముక్క పెద్దదైంది. నోట్లో పట్టలేదు.

పూజారి దాన్ని మళ్లీ సగానికి తుంచాడు.